ఉస్తాద్ ఇవ్వని చాయ్

చేవెళ్లలో బస్టాండు దాటాక ఎడమ చేతి వైపు ఒక రేకుల షెడ్డు ఉంటుంది. బోర్డు మీది అక్షరాలు ఎండకు వెలిసిపోయి ఏళ్ళు గడిచాయి. అయినా కారులో ఏసీ చెడిపోయి చెమటలు కక్కుకుంటూ వచ్చేవాళ్ళు బోర్డు చదివి రారు. సత్తయ్య ఉస్తాద్ షాపు ఎక్కడంటే చిన్నపిల్లలైనా చూపిస్తారు. ఆ షాపులో చాయ్ అందరూ తాగుతారు. పక్కనే శకుంతలమ్మ చాయ్ బండి పెట్టుకుని కూర్చుంది కాబట్టి తాగక తప్పదు కూడా. కానీ కారు లోపల కూర్చుని చాయ్ తాగేది మాత్రం ఉస్తాద్ ఒక్కడే.

అది ఆయన పెట్టిన పద్ధతి. రిపేరు అయిపోయాక బండిని ఎండలో నిలబెట్టి, అద్దాలన్నీ ఎక్కించి, ఏసీ వేసి, లోపల కూర్చుంటాడు. ఒక చేయి గాలి వచ్చే జాలీ ముందు పెట్టి, కళ్ళు మూసుకుని, రెండో చేత్తో వేడి వేడి చాయ్ తాగుతాడు. చివరి గుక్క దాకా నుదుటి మీద చెమట పుట్టకపోతే బండి పాస్. పుట్టిందంటే బానెట్ మళ్ళీ లేవాల్సిందే. షాపులో మీటర్లు లేక కాదు, ఉన్నాయి. మీటరు ఏం చెప్పినా సరే, ఉస్తాద్ చాయ్ తాగి దిగితే తప్ప తాళంచెవి ఓనరు చేతికి వెళ్ళదు. తన దగ్గర పని నేర్చుకునే షాగిర్దును పిలిచి ఏ రోజైనా "ఈ బండిల చాయ్ నువ్వు తాగు" అన్నాడంటే, ఆ రోజుతో వాడు కూడా ఉస్తాదే.

ఆ ఒక్క మాట కోసం సాలోమోను తన పడుచుదనమంతా ఖర్చు పెట్టాడు.

మీసం రాని వయసులో ఆ షెడ్డులో కాలు పెట్టి, మీసంలో మొదటి తెల్ల వెంట్రుక కనిపించే దాకా అక్కడే ఉన్నాడు. ఇంజను పక్కన ఏసీ పైపులు రెండుంటాయి, ఒకటి వేడిగా, ఒకటి చల్లగా. ఆ రెంటినీ చెరో చేత్తో పట్టుకుని, లోపల గ్యాసు తగ్గిందో, ఎక్కువైందో, ఎక్కడైనా అడ్డం పడిందో చెప్పడం ఉస్తాద్ విద్య. ఆ విద్య షాగిర్దుల్లో సాలోమోను ఒక్కడికే పట్టుబడింది. ఉస్తాద్ చేయే వీడికి వచ్చిందని గిరాకీలు మెచ్చుకునేవాళ్ళు. ఆ మాట వినపడినప్పుడల్లా ఉస్తాద్ తువ్వాలతో మెడ తుడుచుకుని ఇంకో బండి దగ్గరికి జారుకునేవాడు. తన శిష్యుణ్ణి పొగిడితే ఆయనకు సిగ్గు కాబోలని సాలోమోను మురిసిపోయేవాడు.

అంత మురిసినా చాయ్ మాత్రం రాలేదు. ఒకసారి సిగ్గు విడిచి అడిగితే తొందరేమున్నదని నవ్వేశాడు ఉస్తాద్. ఆ నవ్వు సాలోమోనుకు ఎక్కడో గుచ్చుకుంది. ఇంకొన్నాళ్ళు చూసి, మొయినాబాద్‌లో సొంత షాపు పెట్టుకున్నాడు. షాపు బాగానే నడిచింది. పేరు కూడా వచ్చింది. అయితే ఒక సంగతి చూసినవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. తన సొంత షాపులో, తను బాగుచేసిన బండిలో, సాలోమోను ఎప్పుడూ చాయ్ తాగడు. గ్లాసు పట్టుకుని బయట గడప మీద, వేసవి ఎండలో చెమటలు కారుస్తూ తాగుతాడు.

భార్య సమత ఊరుకునే మనిషి కాదు. "నీ షాపు, నీ చాయ్. లోపట కూసొని తాగితె ఎవలన్న కేసు పెడ్తరా?" అనేది.

"ఉస్తాద్ ఇయ్యలే గద" అనేవాడు సాలోమోను. ఇంతకంటే పిచ్చితనం ఉండదని సమత తల కొట్టుకునేది.

ఇలా ఉండగా ఆ వేసవిలో ఏదో సామాను కోసం చేవెళ్ల వెళ్ళిన సాలోమోను, పాత షాపు ముందు బండి స్లో చేశాడు. స్లో చేయకుండా ఉంటే బాగుండేది. షెడ్డు ముందు ఎండలో ఒక తెల్ల కారు నిలబడి ఉంది. అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయి. ముందు అద్దం వెనక ఎర్ర రిబ్బను ముక్క ఏదో రెపరెపలాడుతోంది. లోపల సీటులో కళ్ళు మూసుకుని, గ్లాసు చేత పట్టుకుని కూర్చున్నది ఉస్తాద్ కాదు, ప్రశాంత్. ఉస్తాద్ బయట నిలబడి చూస్తున్నాడు.

సాలోమోనుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ప్రశాంత్ ఎంకపల్లి పిల్లవాడు. ఇంట్లో పొలం ఉంది, ట్రాక్టరు ఉంది, పెదనాన్నకు ఊరి రాజకీయాల్లో ఇంత పలుకుబడి ఉంది. షాపులో చేరి నిన్నో మొన్నో అన్నట్టుంది. మీటరు పెట్టకపోతే పైపులో గ్యాసుందో గాలుందో కూడా చెప్పలేడు. వాడికి చాయా? ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుంటే సాలోమోనుకు ముద్ద దిగలేదు. పెదనాన్న వచ్చి చెప్పి ఉంటాడని, కాకపోతే వాడు తేనె పూసిన మాటలతో ఉస్తాద్‌ను బుట్టలో వేసుకున్నాడని, లేదంటే ముసలాయనకు మతి పోయిందని, పడుకున్నా లేచినా ఇవే లెక్కలు. ఆదివారం చర్చిలో ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే దేవుడు కనిపించలేదు, ప్రశాంత్ చేతిలోని గ్లాసు కనిపించింది. దాని మీద మీగడ కూడా కనిపించింది. ఇన్నేళ్ళూ తనది అనుకున్నదాన్ని వాడు తాగేశాడు. అదే బాధ. ఇంకే బాధా లేదు.

అలా కుళ్ళి కుళ్ళి ఉన్న మనిషి దగ్గరికి, కొన్ని రోజులకు, ఆ తెల్ల కారే నడిచి వచ్చింది.

దాని ఓనరు కృష్ణారావు. మోకిలలో ఇల్లు కట్టుకుని ఉంటున్న కోస్తా మనిషి, ఐటీ ఉద్యోగి, నెమ్మదస్థుడు. దిగీ దిగగానే కష్టం చెప్పుకున్నాడు. "మొదట్లో చల్లగానే వస్తుందండీ. సగం దారికి వెళ్ళేసరికి గాలి రావడం మానేస్తుంది. కాసేపు ఆపి మళ్ళీ వేస్తే మామూలే. చేవెళ్లలో కూలింగ్ కాయిల్ కొత్తది వేయించాను. అక్కడో కుర్రాడు లోపల కూర్చుని టీ తాగి మరీ ఇచ్చాడు."

ఆ చివరి మాట సాలోమోను చెవిలో అమృతం పోసినట్టయింది. ముఖం మాత్రం గంభీరంగా పెట్టి, అట్లనా సార్ అన్నాడు. జాలీకి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. తన కూతురు ఆద్య కట్టిందని, గాలికి అది ఎగురుతుంటే పాపకు సరదా అని కృష్ణారావు చెప్పాడు.

రోగం ఏమిటో సాలోమోనుకు వింటుండగానే తెలిసిపోయింది. డ్యాష్‌బోర్డు కింద డబ్బా ఊడదీసి, టార్చి వేసి చూస్తే అనుకున్నట్టే ఉంది. చల్లదనం పుట్టించే కాయిల్ మరీ గడ్డకట్టకుండా, ఇక చాలు ఆగమని కంప్రెసర్‌కు కబురు పంపే సన్నని వైరు ఒకటి ఉంటుంది. దాని మొన కాయిల్ రేకుల మధ్య గట్టిగా దిగాలి. అది దిగిందో లేదో కంటికి కనపడదు, వేలికి తెలియాలి. ఇక్కడ ఆ మొన కాయిల్‌ను వదిలేసి గాల్లో వేలాడుతోంది. కబురు పంపేవాడు లేక కంప్రెసర్ ఆగదు. కాయిల్ నిండా మంచు పేరుకుని గాలికి దారి మూసుకుపోతుంది. అంత మంచు కట్టడానికి చాలాసేపు పడుతుంది. చాయ్ ఎంతసేపట్లో అయిపోతుంది? అందుకే బండి పాసైంది.

వైరును రెండు వేళ్ళతో నొక్కితే చిటికెలో అయిపోయే పని. సాలోమోను నొక్కలేదు. డబ్బాను ఎలా ఉన్నదాన్ని అలాగే బిగించేశాడు. జర దూరం నడిపి చూడాలని, సాయంత్రానికల్లా బండి ఇంటికే తెచ్చిస్తానని కృష్ణారావుకు చెప్పి పంపించాడు. ఎటు పోతున్నావని సమత అడిగితే చేవెళ్లకన్నాడు. ఆమె అతని ముఖంలోకి చూసి, పెండ్లికి పోయినట్టు పోతున్నవేందని ఆశ్చర్యపోయింది.

నిజంగా పెళ్ళికి పోయినట్టే పోయాడు. మంచు తొందరగా కట్టాలని ఫ్యాను తగ్గించి పెట్టాడు. షాపు ముందుకు చేరేసరికి సరిగ్గా గాలి ఆగిపోవాలి, అందరూ చూడాలి, ఉస్తాద్ నుదుటి మీద చెమట పుట్టాలి, ఈ బండిని పాస్ చేసిందెవడని ఆయనే అడగాలి. దారి పొడుగునా ప్రశాంత్‌ను అనాల్సిన మాటలు ఒక్కొక్కటే కూర్చుకున్నాడు. కూర్చుకున్నవి సరిపోవనిపించి కొత్తవి చేర్చుకున్నాడు. ఎర్ర రిబ్బను మెల్లమెల్లగా నీరసించి, చేవెళ్ల వచ్చేసరికి తోక ముడిచినట్టు కిందికి వేలాడింది. దాన్ని చూసి సాలోమోను పాట అందుకున్నాడు.

షెడ్డు ముందు అనుకున్నదానికంటే మంచి సభ ఉంది. బుచ్చయ్య అనే పెద్ద రైతు తన బండి కోసం వచ్చి, స్టూలు మీద కూర్చుని రాజకీయాలు మాట్లాడుతున్నాడు. ఆయన నోట్లో పడ్డ మాట పొద్దుగూకేలోపు మండలమంతా తిరుగుతుంది. సాలోమోను ఇంజను ఆపకుండానే దిగాడు. ఉస్తాద్‌కు దండం పెట్టాడు. ఆయన కాస్త చిక్కినట్టున్నాడు.

"ఉస్తాద్, ఇది మీ షాపుల పాసైన బండే. మీరు జర లోపట కూసోని చూడుండ్రి" అన్నాడు, బుచ్చయ్యకు కూడా వినపడేలా.

ప్రశాంత్ గబగబా అడ్డం వచ్చాడు. "ఉస్తాద్‌కు పానం బాగలేదన్నా. నేను చూస్త, నువ్వు చెప్పు."

"నువ్వు చూసినవ్ గద ఒకపారి" అన్నాడు సాలోమోను. దొంగ దొరికాడని అతని మనసు గంతులు వేసింది.

శిష్యులిద్దరూ తన ముందు అలా కొమ్ములు విసురుకోవడం ఉస్తాద్‌కు నచ్చలేదు. వెళ్ళి బండిలో ఎడమ సీటులో కూర్చున్నాడు. చాయ్ తెమ్మన్నాడు. సాలోమోను ఇటు వైపు డ్రైవరు సీటులో కూర్చుని ఫ్యానును పూర్తిగా పెంచాడు. ఫ్యాను హోరుమంది. గాలి మాత్రం లేదు. ప్రశాంత్ గ్లాసు అందించి, తలుపు వేసి, అద్దం దగ్గరే నిలబడిపోయాడు.

ఉస్తాద్ కళ్ళు మూసుకున్నాడు. కుడిచేయి జాలీ ముందు పెట్టాడు. ఆ చేతి పక్కనే రిబ్బను చచ్చినట్టు వేలాడుతోంది. సాలోమోను ఆయన నుదుటి వైపే చూస్తున్నాడు.

"గాలి దంచుతున్నది" అన్నాడు ఉస్తాద్. "బరఫ్ లెక్క ఉన్నది. ఏం కరాబున్నదిరా దీంట్ల?"

సాలోమోను మొదట పరాచికమనుకున్నాడు. ప్రశాంత్‌ను కాపాడటానికి అబద్ధం చెబుతున్నాడేమో అని కూడా అనుకుని, ఇంకోసారి ఒళ్ళు మండించుకున్నాడు. అప్పుడు చూశాడు ఆయన ఎడమచేతిని. శకుంతలమ్మ చాయ్ గ్లాసును పైఅంచు దగ్గర రెండు వేళ్ళతో తప్ప ఎవరూ పట్టుకోలేరు. పట్టుకున్నవాళ్ళు కూడా ఊదుకుంటూ చేతులు మారుస్తారు. ఉస్తాద్ ఆ గ్లాసును గుప్పిట నిండా పట్టుకుని ఉన్నాడు. అరచేయి ఎర్రగా కందిపోయింది. వేళ్ళ మీద పాత కాలిన మచ్చలు ఉన్నాయి. ఆయనకు అదేమీ తెలియడం లేదు.

సాలోమోను తలెత్తి అద్దం బయటికి చూశాడు. ప్రశాంత్ అతని వైపే చూస్తున్నాడు. వద్దన్నట్టు మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

సాలోమోను అది చూసి కూడా అడిగాడు. "ఉస్తాద్, ఈ బండిల కాయిల్‌కు వైరు ఎవలు పెట్టిన్రు?"

"నేనే పెట్టిన. గసొంటి పని ఇంకొకల చేతికి ఇస్తనా?"

అంతలో బుచ్చయ్య స్టూలు మీంచి లేచి వచ్చి, వేలితో అద్దం మీద కొట్టాడు. సాలోమోను తన వైపు అద్దాన్ని కొంచెం దించాడు. ఏమైందని, కరాబున్నదా అని బుచ్చయ్య అడిగాడు. ఉన్నదంటే చాలు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. అవి ఇప్పుడు అంటే తగిలేది ప్రశాంత్‌కు కాదు. చేతులు మొద్దుబారిన మెకానిక్ అని రేపటికల్లా ఊరంతా అనుకుంటుంది.

"ఏం లేదు పటేలా, మస్తుగున్నది. ఊకెనే ఒకపారి చూపిద్దామని తెచ్చిన" అన్నాడు సాలోమోను. ఆ మాటతో ప్రశాంత్ కూడా తప్పించుకున్నాడని తెలుసు. అది మింగడం ఇంకా కష్టమైంది. బుచ్చయ్య వెళ్ళి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. సాలోమోను అద్దం ఎక్కించాడు.

ఆ తబ్బిబ్బు గొంతు విని ఉస్తాద్ కళ్ళు తెరిచాడు. ఎదురుగా రిబ్బను కనిపించింది. దాన్ని చూశాడు, జాలీ ముందున్న తన చేతిని చూసుకున్నాడు, ఇంకోసారి రిబ్బనును చూశాడు. ఎంతైనా ఉస్తాద్. విప్పి చెప్పాల్సిన పని లేకపోయింది. చేతిని మెల్లగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఫ్యాను హోరు మధ్య ఉస్తాద్ తనంతట తనే చెప్పాడు. షుగరు వచ్చి కొన్నేళ్ళయిందట. మొదట వేళ్ళ కొసలు మొద్దుబారాయి, తరవాత అరచేతులు. దవాఖానలో మందులిచ్చారు గానీ పోయిన స్పర్శ రాలేదు. పైపు పట్టుకుంటే ఏది వేడో ఏది చలువో తెలియదు. జాలీ ముందు చేయి పెట్టినా ఫ్యాను హోరు విని గాలి ఉందనుకోవడమే. ప్రశాంత్ ముందుగా మీటరు చూసి, ఎవరికీ వినపడకుండా పక్కన నిలబడి చెబుతాడు. చెప్పింది విని, పైపు పట్టుకుని, అప్పుడే తెలిసినట్టు ఉస్తాద్ పైకి అంటాడు. అలా రోజులు వెళ్ళదీస్తున్నారు. అయినా ఈ బండికి వైరు తనే పెడతానని పట్టుబట్టాడట. పక్కన నిలబడ్డ ప్రశాంత్‌కు ఒకసారి సరిచూస్తాననడానికి నోరు రాలేదట.

వింటుంటే సాలోమోనుకు జాలి కలగాలి. కలిగింది కూడా. కానీ దాని వెనకే పాత మంట మళ్ళీ లేచింది. చాయ్ ఇచ్చినందుకు కాదు ఇప్పుడు. ఈ రహస్యం వాడికి చెప్పాడు. చేతులు పోయిన మనిషి, తన చేతుల కోసం వాణ్ణి వెతుక్కున్నాడు. మొయినాబాద్ ఎంత దూరం? ఒక్క ఫోను చేస్తే షాపు మూసుకుని పరుగెత్తుకు వచ్చేవాడు కదా.

"ఆనికి చెప్పినవ్. నాకెందుకు చెప్పలే?" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఉస్తాద్‌ను నువ్వు అన్నాడు.

ఉస్తాద్ ముందు అద్దంలోంచి రోడ్డు వైపు ముఖం తిప్పుకున్నాడు.

"నీకెట్ల చెప్తరా" అన్నాడు. "నువ్వు పనిల చేరినంక, ఇంకా పిలగానివే, ఒక దినం ఒకే బండికి మనిద్దరం పైపులు పట్టినం. నేను గ్యాసు తక్కువున్నదన్న. నువ్వు కాదు, లోపట అడ్డం పడ్డదన్నవ్. నువ్వు ఇంటికి పోయినంక మీటరు పెట్టి చూసిన. నువ్వు చెప్పిందే నిజం. ఆ దినం సంది నీ చేతులు చూస్తె నా కండ్లల్ల కారం కొట్టినట్టుంటుండె. అవి నాకంటె మంచి చేతులు. నా చేతులు మంచిగున్నప్పుడు గూడ నీయే మంచియి. ప్రశాంతుకు చాయ్ ఇచ్చిన. ఆనికి ఇస్తె నాకేం పోదు. నీకిస్తె ఇంక నేనెందుకు?"

ఇన్ని రోజులూ సాలోమోను తను మాత్రమే కుళ్ళుకుంటున్నాననుకున్నాడు. తువ్వాలతో మెడ తుడుచుకుని పక్కకు జారుకునే ఉస్తాద్ గుర్తొచ్చాడు. దాన్ని సిగ్గనుకుని మురిసిన తన అమాయకత్వమూ గుర్తొచ్చింది. తన చేతులను ఒళ్ళో తిప్పి చూసుకున్నాడు. గ్రీజు తప్ప వాటిలో ఏ ప్రత్యేకతా కనిపించలేదు.

"చాయైనంక వైరు నువ్వు పెట్టు" అన్నాడు ఉస్తాద్. "ఎట్ల పెట్టాల్నో ప్రశాంతుకు చూపెట్టు. నేను ముంగటనే ఉంట." అని తన చేతిలోని గ్లాసును అతని వైపు చాపాడు. "తాగు. ఈ బండిల చాయ్ నువ్వు తాగు."

గ్లాసు సగం మిగిలి ఉంది. సాలోమోను రెండు చేతులా అందుకున్నాడు. వేడి తగ్గిపోయింది. మొదటి గుక్క నోట్లో పోసుకున్నాక తెలిసింది, దానిలో చక్కెర లేదని. షుగరు మనిషి చాయ్ మరి. ఏసీ పడిపోయిన బండిలో, మూసిన అద్దాల మధ్య, ఇద్దరి నుదుళ్ళ మీదా చెమట పుట్టి ధారగా కారుతోంది. ఉస్తాద్ లెక్క ప్రకారం ఆ బండి ఎప్పుడో ఫెయిలైంది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

అద్దం బయట ప్రశాంత్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. లోపలి మాటలు అతనికి వినపడలేదు. చేతులు మారిన గ్లాసు మాత్రం కనిపించింది. అతని కళ్ళు సాలోమోను పెదవుల మీదే ఆగిపోయాయి. ముఖం మెల్లగా మాడిపోయింది. ఆ చూపేమిటో సాలోమోనుకు వేరే చెప్పక్కర్లేదు. దాన్ని ఎన్నో రోజులుగా మోసుకు తిరిగినవాడు తనే.

జాలిపడాల్సిన మాటే. కానీ నిజం చెప్పాలంటే సాలోమోనుకు ప్రాణం హాయిగా ఉంది. అందుకని ఆ చప్పని చాయ్‌ను ఏమాత్రం తొందరపడకుండా, అటు ప్రశాంత్ వైపు చూస్తూ, ఒక్కో గుక్కా మెల్లగా తాగాడు.